ఆయాసం ఉండేదని రాసినందుకు

"అసలు నిన్ను రాయమన్నదెవరు?"

ఆ ఏడాది నన్ను ఈ మాట అడగని మనిషి లేడు. జగ్గయ్యపేటలో మా ఇంటి ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన అడిగాడు. బెజవాడలో నాకు ఇంటర్వ్యూకి శిక్షణ ఇచ్చిన మాస్టారు అడిగారు. మా బాబాయైతే ఫోన్లోనే కేకలు వేశాడు. ఆదివారం ఆరాధన అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే పాస్టరమ్మగారు కూడా నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అదే అడిగారు.

సైన్యంలో ఆఫీసర్ శిక్షణకి ఎంపికై, వైద్య పరీక్ష దగ్గర ఆగిపోయా నేను. నాకేమీ జబ్బు లేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని నా చేత్తో నేనే రాసుకున్న ఒక్క ముక్క నన్ను ఆపేసింది. అందుకే తప్పు నాదన్నట్టు అందరూ మాట్లాడారు. నిజం చెప్పమని అడిగి, చెప్పిన నిజాన్నే పట్టుకుని నన్ను బయటికి పంపినవాళ్లని మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నా చిన్నతనం జగ్గయ్యపేటకి దగ్గర్లోని ఒక పల్లెలో గడిచింది. నాన్న అక్కడ ప్రాథమిక పాఠశాల టీచరు. అమ్మ ఇంట్లోనే మిషను కుట్టేది. ఊరి చివర కొండని తవ్వి కంకర కొట్టే క్రషర్ ఒకటి ఉండేది. పొద్దున కడిగిన అరుగు మధ్యాహ్నానికి తెల్లగా పిండి చల్లినట్టయ్యేది. తీగ మీద ఆరిన బట్టల్ని అమ్మ దులిపి దులిపి మడత పెట్టేది. ఆ ఊళ్లో చలికాలం వస్తే సగం మంది పిల్లల గుండెల్లో పిల్లికూతలే. నాకు మరీ ఎక్కువగా వచ్చేది. ఊపిరి లోపలికి పోక, బయటికి రాక, కుక్కి మంచం పట్టె పట్టుకుని వంగిపోయేదాన్ని. అమ్మ నన్ను ఒళ్లో వేసుకుని ఆటోలో నందిగామ పరిగెత్తేది. అక్కడ పిల్లల డాక్టరుగారు ముక్కూ నోరూ కలిపి మాస్కు పెట్టి మందు పొగ పట్టించేవారు. ఆ మాస్కు ప్లాస్టిక్ వాసన నాకింకా గుర్తే.

నాన్నకి బదిలీ అయి జగ్గయ్యపేట వచ్చేశాం. ఆ దుమ్ము వెనకనే ఉండిపోయింది. దానితోపాటే ఆయాసం కూడా. ఒకటి రెండేళ్లు అమ్మ భయంభయంగానే చూసింది. వాన వస్తే చెవులకి మఫ్లరు చుట్టేది, ఐస్‌క్రీం బండిని వీధిలో ఆగనిచ్చేది కాదు. ఆ తర్వాత తనే మర్చిపోయింది. హైస్కూల్లో పరుగు పందేల్లో నేనే ముందు. డిగ్రీకి నందిగామ కాలేజీలో చేరా, అక్కడే ఎన్‌సీసీ. పెనుగంచిప్రోలులో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు. సెలవులకి వెళ్తే పొద్దున్నే మున్నేటి ఇసకలో పరిగెత్తేదాన్ని. ఇసకలో పరుగంటే కాలు దిగబడుతుంది, ఊపిరి రెండింతలు కావాలి. తిరిగొచ్చేటప్పుడు దారి పక్కన కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండేవి. ఆ ఘాటుకి కూలికొచ్చినవాళ్లు ముఖాలకి తువ్వాళ్లు కట్టుకునేవాళ్లు. నేను ఆ పక్కనించే పరిగెత్తుకుంటూ వచ్చి, అమ్మమ్మ పెట్టిన చద్దన్నం తినేదాన్ని.

ఎన్‌సీసీలో పై సర్టిఫికెట్ ఉన్న డిగ్రీ పిల్లలకి రాతపరీక్ష లేకుండా నేరుగా ఆఫీసర్ ఇంటర్వ్యూకి పిలిచే దారి ఒకటుంది. మొదటిసారి వెళ్లి మొదటిరోజే వెనక్కి వచ్చా. ఆ మర్నాటి నుంచే మళ్లీ మొదలుపెట్టా. రోజూ ఇంగ్లీషు పేపరు బయటికి చదవడం, అద్దం ముందు నిలబడి మాట్లాడటం. నేను గదిలో ఒక్కదాన్నే గట్టిగా మాట్లాడుతుంటే అమ్మ తలుపు తోసి చూసి నవ్వుకుంటూ పోయేది. రెండోసారి పిలుపు వచ్చింది. ఉత్తరాదిన ఒక ఊళ్లో ఐదు రోజులు. తాళ్లు ఎక్కించారు, గోడలు దూకించారు, గంటకి పైగా కూర్చోబెట్టి మా ఊరి నుంచి ప్రపంచం దాకా ప్రశ్నలేశారు. చివరిరోజు చదివిన నంబర్లు చాలా తక్కువ. అందులో నాది ఉంది. నా నంబరు విన్నాక నేను కాసేపు లేచి నిలబడలేదు. పక్కనున్న అమ్మాయి భుజం తట్టి లేపింది.

ఆ అమ్మాయిది కర్నూలు వైపు. ఆ బ్యాచ్‌లో మేమిద్దరమే తెలుగువాళ్లం, ఇద్దరం ఎంపికయ్యాం. మర్నాడు మిలటరీ ఆసుపత్రిలో వైద్య పరీక్షలు. ముందుగా ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి నింపుకుని రమ్మన్నారు. ఇప్పుడు గానీ, ఇంతకుముందెప్పుడైనా గానీ ఫలానా జబ్బులు ఉన్నాయా అని వరసగా ఉన్నాయి. ఉబ్బసం అన్న చోట నా పెన్ను ఆగింది.

ఆ అమ్మాయి నా కాగితంలోకి తొంగి చూసింది.

"ఏంది, అక్కడ ఆగినావు?"

"చిన్నప్పుడు వచ్చేది. ఇప్పుడేం లేదు."

"నేనూ ఐదో క్లాసు దాకా పంపు పీల్చినా. లేదని కొట్టేసినా. నువ్వూ కొట్టేయ్. వాళ్లేమన్నా కర్నూలుకొచ్చి అడుగుతారా?"

నేను వరండాలోకి వెళ్లి నాన్నకి ఫోన్ చేశా. "అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. తగ్గిపోయిందని కూడా రాయి. సైన్యంలో చేరబోతూ మొదటి కాగితంలోనే అబద్ధం ఎందుకు?" అన్నాడు.

నాకూ అదే సబబనిపించింది. చిన్నతనంలో ఉండేదని, బడికెళ్లే వయసులోనే పూర్తిగా తగ్గిపోయిందని, ఆ తర్వాత ఒక్క మందు కూడా వాడలేదని రాశా.

పరీక్షలన్నీ బాగా జరిగాయి. కళ్లు, చెవులు, పళ్లు, నడుము, పాదాలు. గుండెల మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టరు గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు, తల ఊపాడు. ఆ తర్వాత నా కాగితం తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది. నా ముఖంలోకి చూశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏదో రాసి పక్కన పెట్టాడు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. కర్నూలు అమ్మాయి అర్హురాలు. నేను శాశ్వతంగా అనర్హురాలిని. కారణం, చిన్ననాటి ఉబ్బసం. గడువులోపు అప్పీలు చేసుకోవచ్చని, కావాలంటే వైద్య మినహాయింపు కోరవచ్చని చదివి వినిపించి సంతకం చేయించుకున్నారు. మినహాయింపు అన్న మాట దగ్గరే నాకు మొదటిసారి కోపం వచ్చింది. జబ్బు ఉన్నవాళ్లు కదా మినహాయింపు అడుక్కోవాల్సింది? లేని జబ్బుకి నేనెందుకు అడుక్కోవాలి?

ఆ అమ్మాయి గదికి వచ్చి నా పక్కన కూర్చుంది. "నేను చెప్తే విన్యావా?" అంది. దాని కళ్లలో నీళ్లు. నా కళ్లలో లేవు. రైల్లో, నందిగామ కాలేజీలో నాతో ఎన్‌సీసీ చేసిన పిల్లలకి ఫోన్ చేసి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నా.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు సంగతి. బాబాయి ఫోన్లో నాన్నని పట్టుకుని దులిపేశాడు. "అన్నయ్యా, నీ నీతిపాఠాలు నీ బడిలో చెప్పుకో. పిల్ల బతుకు మీద ప్రయోగాలు చేస్తావా? మనవాళ్లలో ఒక్కరన్నా ఆ కుర్చీలో కూర్చున్నారా ఇప్పటిదాకా? నోటికాడ కూడు తీసేశావు గదా!" అమ్మ కూడా రెండు రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. కంచం పెట్టేది, పక్కన కూర్చునేది కాదు. రోజూ సాయంత్రం టీకొట్టు దగ్గర తోటి టీచర్లతో కూర్చునే నాన్న అటు వెళ్లడమే మానేశాడు. ఎందుకు నాన్నా అని అడిగితే, "అందరూ అదే అడుగుతున్నారమ్మా" అన్నాడు.

ఎవరు ఏమన్నా పడ్డా గానీ, నాన్న తలొంచుకుని ఇంట్లో కూర్చోవడం నేను తట్టుకోలేకపోయా. పాతికేళ్లకి పైగా పిల్లలకి నిజం చెప్పమని నేర్పిన మనిషి, కన్నకూతురికి అదే చెప్పినందుకు దొంగతనం చేసినవాడిలా తిరగాలా? అప్పీలు చేయాలని నేను గట్టిగా అనుకుంది ఆ సాయంత్రమే.

అప్పీలుకి బయటి డాక్టర్ల అభిప్రాయం కావాలి. నన్ను చిన్నప్పుడు చూసిన డాక్టరుగారు ఇంకా నందిగామలోనే ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది. అమ్మా నేనూ వెళ్లాం. అమ్మని చూడగానే గుర్తుపట్టారు. సంగతంతా విని, నవ్వి, లెటర్‌హెడ్ ముందుకు లాక్కున్నారు.

"ఇంత చిన్నదానికి దిగులెందుకమ్మా? పిల్లకి ఉబ్బసం ఎప్పుడూ లేదు, మామూలు జలుబు, దగ్గు వచ్చేవి, ఇంట్లోవాళ్లు పొరపాటున ఆయాసం అనుకున్నారని రాసిస్తా. అప్పటి చీటీలు ఎవరి దగ్గరున్నాయి కనక?"

నేను నోరు తెరవకముందే అమ్మ అంది.

"జలుబా అండీ?"

డాక్టరుగారు పెన్ను ఆపారు.

"నా ఒళ్లో పిల్ల పెదాలు నీలంగా తిరిగిపోతుంటే, యేసయ్యా యేసయ్యా అనుకుంటూ ఆటోలో వచ్చేదాన్ని. మీరే గదండీ ఒకసారి అన్నారు, ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదమ్మా అని. అదంతా జలుబా అండీ?"

"అది కాదమ్మా, నేను పిల్ల మంచి కోసమే..."

"మంచి కోసమేనండీ, నాకు తెలుసు. మీ చలవ వల్లే పిల్ల బతికింది. కానీ నేను పొరపాటు పడ్డానని రాస్తానంటున్నారు చూశారూ, అది నాకు కష్టంగా ఉందండీ."

అమ్మ అంతకుముందు దాకా నాన్న మీద అలిగి ఉన్న మనిషి. ఆ కాగితం ఎలాగోలా వస్తే చాలనుకుని నాతో బయల్దేరింది. అక్కడికొచ్చి ఆ మాట వినేసరికి తట్టుకోలేకపోయింది. తను పడ్డ అవస్థనంతా తుడిచేస్తే గానీ కూతురికి ఉద్యోగం రాదంటే ఏ తల్లికి మాత్రం ఎలా ఉంటుంది?

"ఉన్నదే రాయండి డాక్టరుగారూ," అన్నా నేను. "వచ్చింది, మీరు తగ్గించారు, మళ్లీ రాలేదు. అబద్ధం రాసేదాన్నైతే అక్కడే రాసి గెలిచి వచ్చేదాన్ని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని ఉన్నది ఉన్నట్టు రాసిచ్చారు. ఆ రోజు అమ్మ అన్నం పెట్టి నాన్న పక్కనే కూర్చుంది.

బెజవాడలో ఛాతీ డాక్టరు దగ్గర గొట్టంలోకి ఊదే పరీక్ష చేయించుకున్నా. ఆయన కాగితం చూసి, "బావుంది, రోజూ పరిగెత్తుతావా?" అని అడిగారు. ఆ వెంటనే, "ఆడపిల్లవి, హాయిగా బీఈడీ చేసుకోక ఈ బాధంతా ఎందుకమ్మా?" అన్నారు. నేను రిపోర్టు తీసుకుని వచ్చేశా. ఆయనతో కూడా గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు.

అప్పీలు బోర్డు ఇంకో పెద్ద మిలటరీ ఆసుపత్రిలో. నాతో నాన్న వచ్చాడు. గేటు దాటి లోపలికి రానివ్వలేదు, ఎదురుగా చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాడు. లోపల నన్ను మళ్లీ ఊదించారు, కదిలే పట్టీ మీద పరిగెత్తించారు. నా ఊపిరి నిమ్మళంగానే ఉంది. ఊపిరితిత్తుల డాక్టరు, పెద్ద హోదా ఆయనది, మర్యాదగానే మాట్లాడాడు.

"నీ ఊపిరితిత్తులకి ఏమీ లేదు," అన్నాడు హిందీలో.

"మరి నన్ను తీసుకుంటారా సార్?"

"ఉబ్బసం ఉండేదని నువ్వే రాశావు కదా. ఆ చరిత్ర ఉంటే తీసుకోకూడదని నిబంధన. మినహాయింపు ఇచ్చే అధికారం నాది కాదు. పైవాళ్లకి రాసుకో."

నేను కుర్చీలోంచి లేవలేదు. "సార్, చిన్నప్పుడు వచ్చి కూడా రాయనివాళ్లు ఉంటారు కదా. వాళ్ల సంగతేంటి?"

"రాయనివాళ్ల గురించి మాకెలా తెలుస్తుంది?"

ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. అదేదో రోజూ పొద్దున్నే సూర్యుడొస్తాడన్నంత మామూలుగా అన్నాడు. నాకు కర్నూలు అమ్మాయి గుర్తొచ్చింది. పేరు చెప్పాలన్న ఆలోచన రాలేదు, రాదు కూడా. అది నా కన్నా తక్కువది కాదు, ఆ ఉద్యోగానికి తగినదే. నేనూ తగినదాన్నే. మా ఇద్దరికీ ఉన్న తేడా ఆ కాగితం మీద పెట్టిన ఒక్క టిక్కు. దేశం కోసం ప్రాణం ఇస్తావా అని ఐదు రోజులు నా నిజాయితీని తిరగేసి మరగేసి చూసినవాళ్లు, ఆరో రోజున దాన్నే రోగంగా లెక్కగట్టారు.

బయటికి వచ్చి నాన్నకి చెప్పా. నాన్న లేచి నిలబడి, "నేనే చేశా నీకిదంతా," అన్నాడు. నేను ఆ రోడ్డు మీదే గట్టిగా అరిచా. "నువ్వేం చేశావు నాన్నా? నువ్వు చెప్పింది తప్పా? తప్పని నువ్వు కూడా అంటే ఇంక నేను ఎవరితో కొట్లాడేది?" గేటు దగ్గర జవాను మా వైపు చూశాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించాడు. దారిలో ఎప్పటికో, "సరే, పైవాళ్లకి రాద్దాం. ఇంగ్లీషు నువ్వు రాయి, నేను కామాలు చూస్తా," అన్నాడు. ఆ ప్రయాణంలో నాకు నవ్వొచ్చింది ఆ ఒక్కసారే.

రాశాం. చివరిదైన పునఃపరిశీలన బోర్డు కోసం. జవాబు లేదు. మళ్లీ రాశా. ఫోన్ చేస్తే ఒక సెక్షన్ వాళ్లు ఇంకో సెక్షన్ నంబరు ఇచ్చేవాళ్లు, ఆ సెక్షన్ వాళ్లు మొదటి సెక్షన్ నంబరే ఇచ్చేవాళ్లు. కోర్సు మొదలయ్యే తేదీ దగ్గరపడుతోంది. జగ్గయ్యపేట బైపాస్ మీద పొద్దున్నే పరిగెత్తడం నేను మానలేదు. ఎదురయ్యేవాళ్లు "ఇంకా ఎందుకమ్మా పరిగెత్తుతున్నావ్?" అనేవాళ్లు. కొందరు జాలితో, కొందరు వేళాకోళానికి.

చివరికి పిలిచారు. ఈసారి డాక్టరు ఒక ఆవిడ. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పించుకుంది. క్రషర్ సంగతి, బదిలీ సంగతి, ఏ వయసులో ఆగిందీ, అన్నీ. అన్ని బోర్డుల్లోనూ నన్ను ప్రశ్నలు అడిగింది ఆవిడ ఒక్కతే. ఉబ్బసం ఉంటే బయటపడేలా చేసే మందొకటి పీల్పించి, కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఊదించింది. నాకు గొంతులో కాస్త గరగర తప్ప ఏమీ కాలేదు. ఆవిడ నా ముందే రాసింది, అర్హురాలు అని. "ఈ పరీక్ష మొదటే చేసి ఉండాల్సింది," అని కూడా అంది.

గేటు బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశా. నాన్న విని ఫోన్ అమ్మకి ఇచ్చాడు. అమ్మ వీధి వీధంతా చెప్పేసింది. ఇస్త్రీ బండాయన స్వీటు పెట్టించుకున్నాడు. బాబాయి కుటుంబమంతా వచ్చేసింది.

తుది జాబితా అప్పటికే వచ్చేసిందని మాకు తెలియదు. నన్ను పునఃపరిశీలనకి పిలవడానికి కొద్దిగా ముందే అది బయటికొచ్చింది. వైద్య పరీక్షలో అర్హత తేలనివాళ్ల పేర్లు వదిలేసి సీట్లన్నీ నింపేశారు. నేను అర్హురాలినేనని కాగితం పంపిస్తే, నిజమే, అర్హురాలివే, కానీ ఈ కోర్సుకి పరిగణించలేమని మర్యాదగా జవాబు వచ్చింది. తర్వాతి కోర్సుకి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోమన్నారు. చూసుకుంటే దానికి నా వయసు కొద్ది వారాల తేడాలో దాటిపోయింది. ఈసారి వయసుకి మినహాయింపు అడిగా. దానికి అసలు జవాబే రాలేదు.

నాకు జబ్బు లేదని వాళ్లే తేల్చారు. తేల్చడానికి పట్టిన కాలమంతా వాళ్లదే. దాటిపోయిన వయసు మాత్రం నాది. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా విడమరచి చెబితే కూర్చుని వినడానికి సిద్ధంగా ఉన్నా.

"దేవుడు ఇంకోటి చూపిస్తాడులే," అన్నారు పాస్టరుగారు. "పోనీలే," అన్నారు మిగతావాళ్లు. ఈ పోనీలే అన్న మాటంటే నాకు అసహ్యం. నాన్న ఒక్కడే ఆ మాట అనలేదు. ఈ కోర్సుకి పరిగణించలేమన్న జవాబు చదివి, మడిచి నా చేతికిచ్చి, చాలా నెలల తర్వాత చొక్కా మార్చుకుని టీకొట్టుకి వెళ్లాడు. వచ్చాక చెప్పాడు, ఎవరో మళ్లీ అడిగారట, ఎందుకు రాయమన్నారు మాస్టారూ అని. "ఉండేది కాబట్టి రాయమన్నా. మళ్లీ అడిగినా అదే చెబుతా," అన్నాడట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు నాన్న తల వంచలేదు.

కర్నూలు అమ్మాయి శిక్షణ పూర్తి చేసి భుజాల మీద నక్షత్రాలతో ఫోటో పంపింది. "నువ్వు నా పక్కన ఉండాల్సింది," అని రాసింది. బాగున్నావని రాశా. నిజంగానే బాగుంది.

నేనిప్పుడు నందిగామ దగ్గర ఒక ఆడపిల్లల బడిలో వ్యాయామం టీచర్ని. బెజవాడ డాక్టరు చెప్పిన బీఈడీ చేయలేదు, వ్యాయామ విద్యలో చేరా. పిల్లల్ని పొద్దున్నే పరిగెత్తిస్తా. మొన్నామధ్య నా దగ్గర చదివి వెళ్లిన అమ్మాయొకతె వచ్చింది. జి.కొండూరు పిల్ల. పోలీసు ఉద్యోగానికి వైద్య పరీక్ష ఉందట. చిన్నప్పుడు చెయ్యి విరిగి రాడ్డు వేసి తీశారట.

"టీచర్, అది రాయమంటారా, వద్దంటారా?" అంది.

పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. దీనికి నేను వద్దని చెబితే ఎవరూ నన్ను తప్పుపట్టరు. రాయమని చెప్పి రేపు ఉద్యోగం పోతే దాని తల్లి వచ్చి నన్ను నిలదీస్తుంది, నిలదీయాలి కూడా.

"రాయి," అన్నా. "రాసేముందు ఎముకల డాక్టరు దగ్గర ఇప్పటి ఎక్స్‌రే తీయించి జత చెయ్. వాళ్లు కాదంటే గడువు తేదీ అడిగి అదే రోజు నాకు ఫోన్ చెయ్. ఈసారి ఆలస్యం కానివ్వను."

పిల్ల తలూపి వెళ్లింది. దాని పరీక్ష వచ్చే నెల్లో.